చాలినంత బలం

అరవై యేండ్లు దాటిన మనిషి ఒక బొమ్మ విమానానికి ఇంజను ఎన్నుకొనడంలో ఎనిమిది నెలలు గడిపినాడని వింటే ఎవరికైనా నవ్వు వస్తుంది. మా ఇంటిలోనూ నవ్వారు. "అమ్మాయికి సంబంధం చూచినప్పుడు కూడ మీరింత విచారించలేదు" అన్నది నా భార్య. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే పెండ్లి విషయంలో సలహా చెప్పడానికి పదిమంది ఉంటారు. తప్పు జరిగితే దానిని పంచుకొనేవారూ ఉంటారు. ఇంజను విషయంలో తప్పు జరిగితే అది ఆకాశంలో జరుగుతుంది. దాని ఫలితం క్రింద ఉన్నవారి నెత్తిన పడుతుంది. ఆ సంగతి నేను ఒకసారి కండ్లార చూచినవాడను. కనుకనే తొందరపడలేదు.

బొమ్మ అన్నాను గాని, అది అద్దాల బీరువాలో పెట్టుకొనే బొమ్మ కాదు. బెంగుళూరులో పుట్టిన హెచ్.ఎఫ్.-24 మారుత్ అనే యుద్ధవిమానానికి అది అయిదవ వంతు నమూనా. అసలు విమానం పొడవు 15.87 మీటర్లు, రెక్కల విస్తారం 9 మీటర్లు. నా నమూనా పొడవు 3.17 మీటర్లు, రెక్కల విస్తారం 1.80 మీటర్లు. గాజునార, బాల్సా కర్ర, పలుచని ప్లైవుడ్డు కలిపి మా ఇంటి వెనుక వసారాలో నాలుగేండ్లపాటు దానిని నిర్మించాను. నేలపై నిలిచి చేతిలోని రేడియోతో దానిని నడపాలి. దానిని ఎగిరించేది అసలు విమానంలో వలెనే మంటతో, వేడి గాలితో నడిచే జెట్ ఇంజను.

ఇంత చిన్న జెట్ ఇంజనులు ఉంటాయా అని పాఠకులకు సందేహం కలుగవచ్చును. నలభైయేండ్ల క్రిందటివరకు అవి అసాధ్యమనే చాలమంది పెద్దలు తలచారు. 1983లో ఇంగ్లండులో మొదటిసారిగా టర్బైను ఇంజనుతో ఒక నమూనా విమానం ఎగిరినది. సుమారు 1990 ప్రాంతంలో జర్మనీలో కుర్ట్ ష్రెక్లింగ్ అనే ఔత్సాహికుడు, సామాన్యుడు ఇంటివద్ద చేసికొనదగిన ఇంజను నొకదానిని నిర్మించాడు. అందులో గాలిని అదిమే చక్రాన్ని ఆయన ప్లైవుడ్డుతో చేసి, కార్బను నార చుట్టాడు! కర్రచక్రం తిరిగిన వేగం తెలిసినవారు ఆ సాహసానికి నేటికీ తల ఊపుతారు. తరువాత జర్మనీ, హాలండు, స్పెయిను, తైవాన్, చైనా దేశాలలో కర్మాగారాలు వెలిశాయి. నేడు తెలివిగల విద్యార్థి ఒక చేత పట్టుకొనగల గొట్టంలో అన్నీ అమరి వస్తున్నాయి: ముందు గాలిని అదిమే ఒకే ఒక చక్రం, నడుమ వలయాకారపు అగ్నిగది, వెనుక ఆ మంట త్రిప్పే టర్బైను చక్రం. నిద్రలో ఉన్నట్లు మెల్లగా తిరిగినప్పుడు కూడ నిమిషానికి ముప్పైవేలకు పైగా చుట్లు. పూర్తిగా మేల్కొన్నప్పుడు లక్షకు పైగా. ఆహారం విమానపు కిరోసిను. అందులో నూటికి అయిదు పాళ్ళ వరకు నూనె. ఆ నూనెయే బేరింగులను తడుపుతుంది. వేడిమిని, వేగాన్ని క్షణక్షణం చూచుకొనే చిన్న యంత్రపు మెదడు ఒకటి ప్రక్కన ఉంటుంది.

ఇన్ని విమానాలుండగా మారుత్‌నే ఎందుకు ఎన్నుకొన్నానంటే దానికి కారణం మా నాన్నగారు. 1958లో, పంతొమ్మిదవ యేట, ఆయన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారంలో వడ్రంగపు పనికి అప్రెంటిసుగా చేరారు. ఆ సంస్థయే 1964లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ అయినది. అంతకు రెండేండ్ల ముందు, 1956లో, జర్మనీనుండి కుర్ట్ టాంక్ తన సహచరులతో బెంగుళూరు వచ్చాడు. రెండవ ప్రపంచయుద్ధంలో పేరు మోసిన ఫొకె-వుల్ఫ్ 190 ఆయన సృష్టి. ధ్వనివేగానికి రెండింతల వేగంతో పోగల విమానాన్ని మన దేశంలో నిర్మించాలన్నది ఆయనకు అప్పగించిన పని. మొదట ఆయన పూర్తి పరిమాణంలో కర్రతో ఒక గ్లైడరును చేయించాడు. 1959లో దానిని డకోటా విమానానికి త్రాడుతో కట్టి పైకి లాగి, విడిచి, దాని నడకను పరీక్షించారు. ఇంజను లేని ఆ కర్రవిమానమే మారుత్‌కు మొదటి శరీరం. ఆ కర్రకు ఉప్పుకాగితం రుద్దిన చేతులలో మా నాన్నగారివి రెండు. ఆయన తరువాత లోహపు పనికి మారారు గాని, ఈనాటికీ నునుపైన కర్ర కనిపిస్తే అరచేతితో తడవక మానరు.

1961 జూన్ 17న సురంజన్ దాస్ అసలు మారుత్‌ను మొదటిసారి ఎగిరించారు. ఆ దినం ఊరంతా మేడలెక్కి చూచినదని మా నాన్నగారు చెబుతారు. విమానం అందమైనది, చెప్పినట్లు వినేది, గట్టిది. దానికి లేనిది ఒక్కటే, చాలినంత బలం. టాంక్ దానిని రూపొందించినది ఆర్ఫియస్-12 అనే ఇంజనును మనసులో పెట్టుకొని. ఒక్కొక్కటి సుమారు 3,700 కిలోల బలంతో త్రోసే ఆ ఇంజను బ్రిటనులో తయారు కావలసి ఉండెను. దాని అభివృద్ధికి అయ్యే వ్యయం ఎవరు భరించాలన్న బేరం తెగలేదు, ఇంజను పుట్టలేదు. చేతికందినది 2,200 కిలోల ఆర్ఫియస్-703. అవే రెండు బిగించారు. తరువాత మరొక దేశపు ఇంజను కొరకు ఎదురుచూపులు మొదలైనవి. ఒక మారుత్‌ను ఈజిప్టుకు పంపి, అక్కడ తయారవుతున్న ఇ-300 ఇంజనును దానిపై పరీక్షించారు. 1969లో ఆ పథకమూ ముగిసినది. ఉన్న ఆర్ఫియస్‌కే వెనుక మరొక మంట చేర్చి బలం పెంచాలని ఇక్కడి శాస్త్రజ్ఞులు ప్రయత్నించారు. 1970 జనవరి 10న అటువంటి విమానం కూలి సురంజన్ దాస్ మరణించారు. విమానాశ్రయం ప్రక్కన ఆయన పేరు గల రోడ్డు మా ఇంటికి దగ్గరనే ఉన్నది. నేను నిత్యం కూరలకు వెళ్ళేది ఆ దారినే. శిక్షణ విమానాలతో సహా మొత్తం 147 మారుత్‌లు తయారైనవి. 1971 డిసెంబరు యుద్ధంలో రాజస్థాను ఎడారిలో అవి తమ పని తాము చక్కగా చేశాయి. 1990 నాటికి విశ్రాంతి పొందాయి. రెండింతల ధ్వనివేగం మాట అటుంచి, సమతలంలో ఎగురుతూ ధ్వనివేగాన్ని దాటే భాగ్యం కూడ వాటికి కలుగలేదు.

"వట్టి శరీరం ఇచ్చాము, ప్రాణం ఇవ్వలేకపోయాము" అన్నది మా నాన్నగారి తరంవారి మాట. చిన్ననాటినుండి ఆ మాట వింటూ పెరిగినవాడను గనుక, నమూనా నిర్మించాలనుకొన్నప్పుడే నాలో ఒక రహస్య సంకల్పం కలిగినది. అసలు మారుత్‌కు దొరకని బలాన్ని ఈ చిన్న మారుత్‌కు ఇవ్వాలి. ముసలి తండ్రి కండ్లముందు అది నిట్టనిలువుగా ఆకాశంలోనికి దూసికొని పోవాలి. 

ఇక్కడనే నేను మొదటి తప్పు చేశాను. ఇంజను ఏదో తేల్చుకొనకుండానే శరీరం నిర్మించాను. ఇంజనుకు ఎంత చోటు కావాలి, ఇంధనపు తొట్టి ఎక్కడ ఉండాలి, వెనుక గొట్టం ఎంత లావు ఉండాలి, బరువు ఏ బిందువుపై నిలవాలి అన్నవన్నీ ఇంజనును బట్టి ఏర్పడే విషయాలు. వాటిని తరువాత చూచుకొందామని వాయిదా వేశాను. నాలుగవ యేడు వెనుక భాగం మూయబోయే సమయానికి గాని నాకు స్ఫురించలేదు, టాంక్ కథనే నేను మరల వ్రాస్తున్నానని. ఆయనకైతే ఒకరు మాట ఇచ్చి ఉండిరి. నాకు ఎవరూ ఇవ్వలేదు.

అప్పుడు తయారీదారుల పట్టికలు ముందు పెట్టుకొని కూర్చున్నాను. ఈ ఇంజనుల బలాన్ని న్యూటనులలో చెబుతారు. పది న్యూటనులంటే ఇంచుమించు ఒక కిలో బరువును ఎత్తే బలం. నా విమానం ఇంధనంతో సహా 22 కిలోలు తూగుతుందని లెక్క తేలినది. మన దేశపు 2021 డ్రోన్ నియమాల ప్రకారం నమూనా విమానం 25 కిలోలు మించరాదు. కనుక ఆ హద్దు తప్పదు. మొదట నా మనసు లాగినది 220 న్యూటనుల ఒంటి ఇంజను వైపు. విమానం బరువెంతో దాని బలమూ అంతే. మిత్రులందరూ అదే చెప్పారు: "ఒక ఇంజను, ఒక పంపు, ఒక మెదడు, చెడిపోయేవి తక్కువ. బలమంటావా, ఎంత ఉన్నా చేదా?"

అయితే పట్టికలోని అంకెను ఉన్నదున్నట్లు నమ్మరాదు. ఆ బలాన్ని కొలిచేది సముద్రమట్టాన, 15 డిగ్రీల చల్లని గాలిలో. బెంగుళూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. 30 డిగ్రీల ఎండలో ఇక్కడి గాలి ఆ ప్రమాణపు గాలికంటె నూటికి పదిహేను పాళ్ళు పలుచన. గాలి పలుచనైతే ఇంజను మ్రింగే గాలి బరువు తగ్గుతుంది. త్రోపుడూ ఆ మేరకు తగ్గుతుంది. 220 అన్నది ఇక్కడికి వచ్చేసరికి 190కి లోపే. రెక్కలకు ఎత్తే శక్తి కూడ తగ్గుతుంది గనుక నేలపై పరుగు పెరుగుతుంది. ఈ లెక్క చూచి, "అయితే ఇంకా పెద్దది తీసికొందాము" అనుకొన్నాను. మనిషి బుద్ధి ఎటు పోతుందో చూడండి!

ఆ రాత్రి నాకు పాత సంగతి ఒకటి జ్ఞాపకం వచ్చి నిద్ర పట్టలేదు. పన్నెండేండ్ల క్రిందట నా వద్ద మరొక చిన్న జెట్ విమానం ఉండేది. దానికి 80 న్యూటనులు చాలునని నమూనాతో వచ్చిన కాగితంలో స్పష్టంగా ఉన్నది. నేను 120 బిగించాను. రెండు నెలలు ఆకాశంలో రాజ్యమేలాను. ఒక ఆదివారం, చూస్తున్నవారి మెప్పు కొరకు, పూర్తి బలంతో దానిని క్రిందికి దూకించాను. ఒక వేగం దాటిన తరువాత గాలికి తోక కంపించడం మొదలైతే దానిని ఆపే మందు లేదు. రెప్పపాటులో తోక ఊడినది. విమానం మైదానపు హద్దు దాటి రాగి చేనులో పడి మండినది. మేము మంటలార్పే సిలిండరు పట్టుకొని పరుగెత్తాము. మంటకు నలభై అడుగుల దూరాన మేకలు కాచుకొనే పిల్లవాడు నిలుచున్నాడు. ఏడవలేదు, పారిపోలేదు. నా చేతిలోని రేడియో వంక, నా ముఖం వంక మార్చి మార్చి చూచాడు. చేను గలవారికి పంట నష్టం చెల్లించాను, అది సులభం. ఆ చూపుకు ఏమి చెల్లించాలో తెలియక రెండేండ్లు రేడియో ముట్టలేదు. తప్పు ఇంజనుది కాదు. దానిని చేసినవారిదీ కాదు. ఆ శరీరం ఓర్వగల దానికంటె ఎక్కువ బలాన్ని కోరి తెచ్చినది నేను. తెచ్చిన తరువాత దానిని వాడకుండ ఉండలేకపోయినదీ నేనే.

మరునాడు కాగితం మరల మొదటినుండి తీశాను. ఈసారి అడిగిన ప్రశ్న వేరు. ఎంత బలం దొరుకుతుంది అని గాక, ఈ విమానానికి ఎంత చాలును అని అడిగాను. అసలు మారుత్ సాధారణంగా 8,950 కిలోల బరువుతో ఎగిరేది. రెండు ఇంజనుల బలం 4,400 కిలోలు. అంటే బరువులో సగం. నా 22 కిలోల విమానానికి 11 కిలోల త్రోపుడు ఉంటే అసలు దాని నడక వస్తుంది. ఒంటి ఇంజను పెడితే మరొక చిక్కు: మారుత్‌కు వెనుక రెండు నోళ్ళు ప్రక్కప్రక్కనే ఉంటాయి. ఒక ఇంజను వేడిగాలిని చీలిన గొట్టంతో రెండుగా పంపవచ్చును గాని, ఆ చీలిక వద్ద కొంత బలం వృథా అవుతుంది. అన్నిటికంటె ముఖ్యం, ఒంటి ఇంజను ఆగితే 22 కిలోల బరువు రాయివలె దిగవలసినదే.

రెండు ఇంజనులుంటే ఏదో ఒకటి ఆగే అవకాశం రెట్టింపవుతుంది. ఇది దాచరాని నిజం. బరువు దాదాపు ఒక కిలో పెరుగుతుంది. పంపులు రెండు, మెదళ్ళు రెండు, ఖర్చు రెండింతలకు దగ్గర. కాని మారుత్‌లో రెండు ఇంజనులూ నడుమ గీతకు చేరువనే ఉంటాయి. ఒకటి ఆగినా విమానం ప్రక్కకు పెద్దగా తిరుగదు. 1971 యుద్ధంలో ఒక మారుత్ ఒకే ఇంజనుతో శత్రుభూమినుండి తిరిగి వచ్చిన సంగతి ప్రసిద్ధమే. నా లెక్కలో రెండు 80 న్యూటనుల ఇంజనులు పెడితే ఇక్కడి గాలిలో మొత్తం 14 కిలోల వరకు త్రోపుడు వస్తుంది, అది చాలును. కాని ఒకటి ఆగితే మిగిలేది ఏడు కిలోలే. చక్రాలు దించిన విమానానికి, వేసవి ఎండలో, అది బొటాబొటి. రెండు 100 న్యూటనులవైతే ఒకటి ఆగినా ఎనిమిదిన్నర కిలోలు మిగులుతాయి. గుండె నిబ్బరంతో చుట్టి వచ్చి దింపవచ్చును. అందుచేత 100 న్యూటనుల జత తీసికొని, వాటి గరిష్ఠవేగాన్ని యంత్రపు మెదడులో కొంత తగ్గించి కట్టివేయాలని నిశ్చయించాను. మిగిలిన బలం ఆపత్తుకు దాచిన ధాన్యం వంటిది, పండుగకు వండుకొనరాదు.

ఈ నిర్ణయం నాన్నగారికి చెప్పాలంటే నాకు సంకోచం కలిగినది. ఆయన ఇప్పుడు ఎనభైయారేండ్ల వారు. చూపు మందగించినది, వినికిడి మాత్రం చెక్కుచెదరలేదు. "ఇంత కష్టపడి దీనిని కూడ సగం బలంతోనే ఎగిరిస్తావా?" అని అడుగుతారేమోనని భయపడ్డాను. అంతా చెప్పి, చివరకు, "టాంక్ కూడ చేతిలో ఉన్న ఇంజనును చూచుకొని విమానం గీసి ఉంటే బాగుండేది గదా, నాన్నగారూ" అన్నాను.

ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత అన్నారు: "అది తప్పురా. చేతిలో ఉన్నదానికే గీస్తే మనకు ఏనాడూ పెద్ద విమానం గీయడం రాదు. రాబోయేదాన్ని నమ్ముకొని గీశారు, రాలేదు. వచ్చిన చిన్నదానితోనే మేము ఎగిరించాము. గీసినవాడిది తప్పు కాదు, బిగించినవాడిదీ తప్పు కాదు. ఇంజను మనమే చేసికోవాలన్న సంగతి ఆలస్యంగా తెలుసుకొన్నాము, అంతే."

నేను సమాధానం చెప్పలేకపోయాను. 2001 జనవరి 4న ఇదే ఊరిలో తేజస్ మొదట ఎగిరినప్పుడు దాని కడుపులో ఉన్నది అమెరికా ఇంజనే అని నాకు జ్ఞాపకం వచ్చినది. నా బల్లపై ఉన్న ఇంజను పెట్టెపైనా పరదేశపు ముద్రయే ఉన్నది. వసారాలో కూర్చొని నేను పరిష్కరించుకొన్న సమస్య చిన్నది. ఆయన మాట్లాడుతున్నది పెద్దదానిని గూర్చి. రెండింటికీ ఒకే నీతి వర్తించదని నాకు అప్పుడు తెలిసినది. బొమ్మకు కొలత చూచుకొనడం వివేకం. దేశానికి ఒక్కొక్కప్పుడు కొలతకు మించి ఆశపడడమే వివేకం కావచ్చును.

ఇంజనులు వచ్చిన తరువాత వాటిని విమానంలో పెట్టక ముందు, గట్టి బల్లకు బిగించి పరీక్షించాను. ప్రక్కన మంటలార్పే సిలిండరు, నాన్నగారికి దూరంగా ఒక కుర్చీ. రెండూ అంటుకొని, సన్నని ఊళనుండి నిండు ధ్వనికి ఎదిగినవి. నిద్రనుండి పూర్తి బలానికి రావడానికి ఈ ఇంజనులకు మూడు నాలుగు సెకండ్లు పడుతుంది. దింపేటప్పుడు ఆ ఆలస్యం మరచినవాడు విమానాన్ని పోగొట్టుకొంటాడు. నాలుగైదుసార్లు పెంచి తగ్గించాను. నాన్నగారు చేయి ఎత్తి ఆపమన్నారు. "ఎడమది వెనుకబడుతున్నది" అన్నారు. నేను అంకెలు చూచాను. కుడిదానికంటె ఎడమది అర సెకండు ఆలస్యంగా మేల్కొంటున్నది. నా కంటికి అందనిది ఆయన చెవికి అందినది. రెండింటి నడకను సమం చేయడానికి మరి రెండు రోజులు పట్టినది.

మాఘమాసంలో ఒక చల్లని ఉదయాన, నగరానికి తూర్పున కోలారు దారిలో ఉన్న మా మైదానంలో, మారుత్ ఎగిరినది. ముందుగా చుట్టుప్రక్కల చేలలో ఎవరూ లేరని ఇద్దరు యువకులు నడిచి చూచి వచ్చారు. అది నిట్టనిలువుగా దూసికొని పోలేదు. నేలపై నిదానంగా పరుగెత్తి, రెక్కలకు గాలి నిండిన తరువాత, పొడవైన వాలులో లేచినది. అసలు మారుత్ ఇలాగే లేచేదని పాత చలనచిత్రాలలో చూచాను. ఆరు నిమిషాలు తిరిగి, మూడు చక్రాలపై దిగినది. నా చొక్కా వీపున తడిసి ఉన్నది.

నాన్నగారికి ఆకాశంలో విమానం కనిపించలేదు. కుర్చీలో తల కొంచెం వంచి, ధ్వని పోయిన దిక్కుకు చెవిని త్రిప్పుతూ కూర్చున్నారు. నేను దగ్గరకు వెళ్ళగానే అడిగారు: "పుల్ల ఎంతవరకు త్రోశావు? ఇంకా మిగిలిందా?"

"మూడవ వంతు మిగిలింది, నాన్నగారూ."

"ఉండనీ," అన్నారాయన. "మాకు అది ఎన్నడూ మిగలలేదు."